మూడు కాదు, రెండూ ఒకటీ

తెలుగులో రాస్తున్నాను కనుక ముందే ఒప్పుకుంటాను,
ఆ శబ్దానికి నా దగ్గర అక్షరం లేదు.
రకారం ఇంకా వణుకుతుండగానే
దాని వీపు మీదికి బుస్సుమని గాలి ఎక్కాలి,
రెండూ ఒక్క గుక్కలో.
కాస్త దగ్గరికొచ్చేది మన బండి ఱ,
అదీ ఏనాడో షెడ్డులో పడింది.

చెక్ దేశంలో మాత్రం దాన్ని రోజూ తోలుతారు.
నదిలో ఉంది, సముద్రంలో ఉంది,
మిరియాల్లో, బీట్‌రూట్‌లో,
మూడులో, నాలుగులో ఉంది.
పిల్లల నోటికి అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేది అదే.
కొందరికి రాదు.

ప్షెరోవ్,
(చూశారా, ఊరి పేరు నేనూ తప్పే రాశాను)
రైళ్ళు కలిసే ఊరు.
స్టేషన్ వెనక, రెండో అంతస్తులో
ద్రహోమీరా గది:
పొట్టి కుర్చీలు, అద్దం, తేనె సీసా,
డబ్బా నిండా స్ట్రాలు.
బుధవారం బుధవారం ఒక ఆరేళ్ళవాడు వస్తాడు.
వాడికి ముత్తాత పేరు పెట్టారు.
మొదట్లో ఆ శబ్దమే, చివర్లో ఆ శబ్దమే,
రెండు తలుపులకీ ఒకటే తాళం.
పేరడిగితే బూట్ల వైపు చూస్తాడు.

పలుకు, అని ఆమె ఎప్పుడూ అనదు.
పై పెదవికి తేనె రాసి నాలుకతో తుడిచెయ్యమంటుంది.
దూది ఉండని ఊది గోల్ కొట్టమంటుంది.
ట్రాక్టరు మొరాయించింది,
త ద త ద త ద అని తిప్పి స్టార్టు చెయ్యమంటుంది.
వాడి ట్రాక్టరు దగ్గుతుంది, ఆగుతుంది.
అప్పుడు అట్ట తీసి పరుస్తుంది,
నత్తగుల్లలా చుట్లు తిరిగే గళ్ళు, చేత్తో గీసినవి.
పాచిక మీది అంకె పైకి చెబితేనే కాయ కదులుతుంది.
ఒకటి, రెండు, ఐదు, ఆరు, ఏ బాధా లేదు.

మొదటిరోజే మూడు పడింది.
వాడు పాచికని చూశాడు, కిటికీని చూశాడు.
"రెండూ, ఒకటీ" అన్నాడు.
ఆమె నవ్వలేదు.
"సరే, రెండు జరుపు. ఇప్పుడు ఒకటి."
నాలుగు పడితే రెండూ, ఇంకో రెండూ.
అలా బడికి వెళ్ళకముందే
కూడికలు వచ్చేశాయి.
ఆమె నోటుపుస్తకంలో ఆ నెలకి మూడు మాటలు:
తెలివి ఉంది. శబ్దం లేదు. తొందర లేదు.

మార్చిలో ఒక సాయంత్రం తండ్రి ముందే వచ్చాడు.
వ్యాగన్లు బాగుచేసే మనిషి, గోళ్ళలో గ్రీజు.
గుమ్మంలో నిలబడి ఈల వేశాడు.
కొడుకుని ఎప్పుడూ ఈలతోనే పిలుస్తాడు,
లేకపోతే "ఏయ్, చిన్నోడా".
"కూర్చోండి, ఆటకి ఒకరు తక్కువయ్యారు" అంది ద్రహోమీరా.
మోకాళ్ళు గడ్డానికి తగిలే కుర్చీలో కూర్చున్నాడు.
వేశాడు. మూడు.
గదిలో గడియారం ఒక్కటే మాట్లాడింది.
"రెండూ," గొంతు సవరించుకున్నాడు, "ఒకటీ."

పిల్లవాడు తలెత్తాడు.
ఆ కూడిక కనిపెట్టింది తనేననుకున్నాడు ఇన్నాళ్ళూ.
ఈల గురించి కూడా ఏదో తట్టినట్టుంది,
ఆరేళ్ళవాడికి ఎంత తడుతుందో అంత.

ఆట ముదిరింది. తండ్రి గెలుపుకి దగ్గరలో ఉన్నాడు.
పాచిక దొర్లి దొర్లి ఆగింది,
ఆయన చిటికెన వేలు దానికి కాస్త తగిలింది,
"ఐదు" అన్నాడు.

"నాలుగు! నాలుగు పడింది! దొంగాట!"

నాలుగు, వాళ్ళ భాషలో, పూర్తిగా.
వణుకూ ఉంది, వణుకు మీద గాలీ ఉంది.
వాడికది తెలియదు, కోపంలో ఉన్నాడు.
ఆమె చప్పట్లు కొట్టలేదు.
"నాలుగే" అంది, కాయని ఒక గడి వెనక్కి నెట్టి.

తర్వాతి పందెంలో అది మళ్ళీ రాలేదు.
వచ్చే బుధవారమూ రాలేదు.
ఆ పైవారం రెండుసార్లు వచ్చి పోయింది,
కొత్త ఇంటికి పిల్లి వచ్చినట్టు.

ఆ సాయంత్రం ప్లాట్‌ఫాం మీద ఇద్దరూ నిలబడ్డారు.
లౌడ్‌స్పీకరు ఊరి పేరు చెప్పింది,
ఎప్పట్లాగే, తడబాటు లేకుండా.
బండి లోపలికొచ్చింది.
చక్రాల మోత అన్నిటినీ కప్పేసిన ఆ అర నిమిషంలో
తండ్రి పెదవులు కదిలాయి,
మాట మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి
దవడ ఒకేలా బిగిసింది.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదు" అన్నాడు. "త ద త ద."